నా చేతుల్లోంచి జారని బంతి

హోసూరులో పాతవాళ్ళు నన్ను వడ్రంగి అని పిలవరు. నెయ్యిచేతులు అంటారు. "నెయ్యిచేతులాయన ఇల్లు యాడప్పా?" అని అడిగితే వీధిలో ఎవరైనా వేలు చూపిస్తారు. ఈ చేతులతో ఊళ్ళో సగం వాకిళ్ళకు తలుపులు చేశాను. పదకొండేళ్ళు ఫుట్‌బాల్ గోలు కాశాను. కుడిచేతి చిటికెనవేలు రెండుసార్లు విరగ్గొట్టుకున్నాను. అదంతా ఎవరికి గుర్తు? ఒక్క బంతి గుర్తు. నేను వదిలేశానని అందరూ నమ్మిన ఒకే ఒక్క బంతి. అది నేను వదిలింది కాదని చెప్పడానికి నాకు ఇంత వయసు రావలసివచ్చింది చూడండి.

మా జట్టులో బూట్లున్నవాడు ఒక్కడూ లేడు. యాభైలలో మాకు బూట్లెక్కడివి? సాయంత్రం పని దిగి, కాళ్ళకు అంటిన రంపంపొట్టు కూడా దులుపుకోకుండా నేను స్కూలు మైదానానికి పరుగెత్తేవాణ్ణి. సైకిల్ షాపు పెట్టుకున్నాయన మా క్యాప్టెన్. తపాలా ఆఫీసులో పోస్ట్‌మన్ మాకు కుడివైపు ఫార్వర్డ్. గోలు ముందర, నాకు అడ్డంగా నిలబడే ఫుల్ బ్యాక్ నా స్నేహితుడు. మా కులంవాళ్ళే, వాళ్ళింట్లో కొలిమి ఉండేది. నేను నాగలి చేస్తే వాళ్ళ నాయన కర్రు వేసేవాడు. వాడూ నేనూ ఒక వీధిలో పుట్టి, ఒక బెంచీమీద చదివి, ఒకే రోజు స్కూలు మానేశాం. వాడు నా ముందుంటే నాకు వెనక గోడ ఉన్నంత ధైర్యం.

మాకు ఆట నేర్పింది స్కూలు డ్రిల్లు మాస్టరు. బంతికి గాలి కొట్టడం దగ్గర్నుంచి ఆయన దగ్గరే నేర్చుకున్నాం. ఆయనతో ఒక చిక్కొచ్చింది. ఉద్యోగం కృష్ణగిరికి మారింది, ఆయన అక్కడి జట్టుకు సెంటర్ ఫార్వర్డుగా దిగాడు. మేం నేర్చుకున్న ఎత్తులన్నీ మామీదే వేసేవాడు మహానుభావుడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. పుస్తకానికి తగిలినా, పనిముట్టుకు తగిలినా, పెద్దవాళ్ళకు తగిలినా చెయ్యి దానంతటదే వంగుతుంది, మన అనుమతి అడగదు. మొదట్లో మేమంతా మైదానంలోనూ అదే చేసేవాళ్ళం. ఒకడి కాలు ఇంకొకడికి తగలడం, ఇద్దరూ వంగి మొక్కుకోవడం, బంతి దారిన బంతి పోవడం. క్యాప్టెన్ తల పట్టుకునేవాడు. "ఈడ కాళ్ళు తగుల్తానే ఉంటాయప్పా! మొక్కుకుంటా కూర్చుంటే కప్పు ఎవురు తెచ్చేది? ఇంగ ఎవుడన్నా వంగినాడంటే ఆ పొద్దే జట్టులోనుంచి బయటికి," అన్నాడు. ఆ దెబ్బతో అందరికీ అలవాటు పోయింది. పోయిందనే అనుకున్నాం.

కృష్ణగిరిలో కొండకోట కింద మైదానంలో కప్పు మాచ్. అదే మా జట్టు ఆడిన పెద్ద మాచ్. హోసూరు నుంచి ఒక బస్సు నిండా జనం వచ్చారు. ఆట సగంలో వాన పట్టుకుంది. రెండువైపులా చెరో గోలు. ఇంక నాలుగైదు నిమిషాలుందనగా వాళ్ళకు కార్నర్ కిక్కు దొరికింది. గోలు ముందర పదిమంది ఒకరినొకరు తోసుకుంటూ నిలబడ్డారు. బురద, వాన, అరుపులు. బంతి వచ్చి మధ్యలో పడింది. నా స్నేహితుడు కాలు విసిరాడు. అది బంతికి తగల్లేదు, ఠపీమని మాస్టరు మోకాలి కింద ఎముకకు తగిలింది.

వాడు వంగాడు. నా కళ్ళతో చూశాను. అంత గుంపులో, అంత వానలో, మాస్టరు కాలిని రెండుచేతులా తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ వంగిన వీపు సరిగ్గా నాకూ బంతికీ మధ్య వచ్చింది. మాస్టరు మాత్రం మొక్కు అందుకుంటూనే మరో కాలితో బంతిని చిన్నగా తోశాడు. నేను వాడి వీపుమీదుగా దూకాను. వేళ్ళ చివరలకు తడి తోలు తగిలింది, అంతే. కళ్ళు తెరిచేసరికి నేను బురదలో బోర్లాపడి ఉన్నాను, బంతి గీత దాటి వెనకనున్న గుంటలో తేలుతోంది.

క్యాప్టెన్ అటునుంచి పరుగెత్తుకొచ్చాడు. "ఎవురప్పా ఇడిసింది?" అని కేక. నా స్నేహితుడు నన్ను చూశాడు. కనురెప్పలమీద బురద అంటుకుని ఉంది. చూపుతోనే నా కాళ్ళు పట్టుకున్నాడు. జట్టులోనుంచి తోసేస్తే వాడు తట్టుకోలేడని నాకు తెలుసు. సంగతి తెలిస్తే ఊరంతా వాణ్ణి ఆడిపోసుకుంటుందనీ తెలుసు.

"నేనే," అన్నాను. "చేతిలోనుంచి జారిపాయ."

కప్పు కృష్ణగిరిలోనే ఉండిపోయింది. తిరుగుబస్సులో ఒక్కరూ నాతో మాట్లాడలేదు. వెనక సీట్లోనుంచి ఎవడో "నెయ్యి పూసుకోని వచ్చినాడేమో చేతులకు," అన్నాడు. బస్సంతా గొల్లుమంది. అదిగో, ఆ పేరు ఆ నిమిషంలో పుట్టింది. శూలగిరి దాటాక నా స్నేహితుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర నోరుపెట్టి, "బావా," అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నన్ను ఒరేయ్ అని పిలిచినవాడు, మొట్టమొదటిసారి బావా అన్నాడు. "మా చెల్లెల్ని నీకే ఇస్తాము. మా నాయనను నేను ఒప్పిస్తాను, చూస్తా ఉండు."

ఆ అమ్మాయంటే నాకు ఇష్టమని వాడికి తెలుసు. వాళ్ళ నాయన మాత్రం కృష్ణగిరిలో బంగారుపని చేసేవాళ్ళింటికి ఇవ్వాలని చూస్తున్నాడనీ నాకు తెలుసు. అందుకే ఆ మాట వినగానే కప్పు పోయిన బాధ పోయింది, నెయ్యిచేతుల వెక్కిరింత పోయింది. వెర్రిముఖంవాణ్ణి, బస్సు హోసూరు చేరేదాకా నవ్వుతూనే కూర్చున్నాను. మరుసటి ఏడాది పెళ్ళయింది. వాడు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, నాకూ బావ అయ్యాడు. ఇంతకన్నా స్నేహం ఏముంటుంది అనుకున్నాను.

పెళ్ళాంతో కూడా నేను నిజం చెప్పలేదు. ఆమె అన్న పరువు, నేనెందుకు తియ్యాలి? బావి దగ్గర ఆడవాళ్ళు "నెయ్యిచేతులాయన పెండ్లామా, కడవ జాగర్త" అంటే ఆమె వాళ్ళతో జుట్టూ జుట్టూ పట్టుకునేంత పోట్లాడి వచ్చేది. వచ్చి నన్ను అడిగేది, "నిజంగానే ఇడిసినావా?" అని. "ఇడిసినాను, ఏం చేసేది," అనేవాణ్ణి. "పోనీలే, మనిషికి ఒగసారి జారదా," అని అన్నం పెట్టేది.

అరవైలు వచ్చేసరికి మా వయసు అయిపోయింది. కొత్త కుర్రాళ్ళు బూట్లు వేసుకుని ఆడుతున్నారు. క్యాప్టెన్ తన సైకిల్ షాపుమీద మిద్దెగదిని జట్టుకోసం ఇచ్చాడు. పేపర్లు చదువుకోవడానికో బల్ల, క్యారంబోర్డు, ఒక గోడ ఖాళీ. ఆ గోడమీద పాత ఆటగాళ్ళలో గొప్పవాళ్ళ పటాలు పెట్టాలని ఆయనకు బుద్ధి పుట్టింది. రెండు కిటికీల మధ్య అయిదు పటాలకు చోటుంది. ఎవరివి పెట్టాలో తేల్చడానికి నలుగురం కూర్చున్నాం. క్యాప్టెన్, పోస్ట్‌మన్, నా బావ, నేను. కట్టుబాట్లు రెండు. ఒకటి, గదిలో ఉన్నవాళ్ళంతా సరేననాలి, ఒక్కడు తల అడ్డంగా ఊపినా ఆ పేరు కొట్టేస్తారు. రెండు, మాలో ఎవరి పేరు వస్తే వాడు లేచి బయటికి పోయి మెట్లమీద కూర్చోవాలి.

పటాల ఫ్రేములు చేసే పని సహజంగానే నాది. పనసచెక్కతో అయిదూ చేశాను. అయిదోదాన్ని మరీ నున్నగా రుద్దానని ఒప్పుకుంటాను. అంతేనా, సిగ్గులేకుండా బజారులో స్టూడియోకు పోయి, పాత జెర్సీ తొడుక్కుని, బంతిని గుండెకు హత్తుకుని ఫోటో కూడా తీయించుకున్నాను. ఆ గోడమీద ఆ ఫోటో ఎక్కితే నెయ్యిచేతులు అనే పేరు ఊడిపోతుందని నా ఆశ. నాకు గొప్పలు అక్కర్లేదు. నా పెళ్ళాం ఎవరితోనూ పోట్లాడకుండా బావినుంచి నీళ్ళు తెచ్చుకుంటే చాలు.

మూడు ఆదివారాల మధ్యాహ్నాలు వాదించుకున్నాం. అబ్బ, ఏం వాదన! జిల్లా కోర్టులో కూడా అంత జరగదు. క్యాప్టెన్ పేరు, పోస్ట్‌మన్ పేరు ఒక్క నిమిషంలో తేలిపోయాయి. అంచెట్టి ఊరినుంచి వచ్చి ఆడిన ఆయన పేరు దగ్గర ఒక పూటంతా పట్టింది. అడవిలో పశువులు మేపుకునే మనిషి. బస్సు దొరికితే బస్సులో, దొరక్కపోతే నడిచి వచ్చి ఆడేవాడు. తలతో కొడితే గోలే.

"మూడేండ్లు ఆడి అడవికి పాయ. దానికి పటమా?" అన్నాడు క్యాప్టెన్.

"మూడేండ్లలో ఆయప్ప కొట్టినన్ని గోల్లు నువ్వు జన్మంతా కొట్టినావా?" అన్నాడు పోస్ట్‌మన్.

"ఆయప్ప నడిచొచ్చిన దూరం లెక్కేసుకో. మనం ఆడింది అందులో సగం ఉండదు," అని నేనూ ఎగబడ్డాను. చివరికి క్యాప్టెన్ దిగొచ్చాడు. తీరా చూస్తే ఆయన ఫోటో లేదు. పాత గుంపు ఫోటోలో క్యాప్టెన్ భుజం వెనకనుంచి ఒక చెవీ, సగం మొహమూ కనిపిస్తున్నాయి. ఆ సగం మొహాన్నే పెద్దది చేయించి పెడదామనుకున్నాం.

తరువాత బెంగళూరు వెళ్ళిపోయిన ఆటగాడి పేరు వచ్చింది. మా అందరికన్నా మెరుగ్గా ఆడేవాడు. ఒక మిల్లువాళ్ళు ఉద్యోగమిచ్చి తీసుకుపోతే, వాళ్ళ జెర్సీ వేసుకుని వచ్చి మామీదే గోలు కొట్టాడు.

"బతుకుతెరువుకు పాయ, తప్పేముంది?" అన్నాను నేను.

నా బావకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. "అది ద్రోహమప్పా! కూడా ఉండినోళ్ళను ఇడిసిపెట్టి తన బాగు చూసుకునేది ద్రోహం గాకపోతే ఏమి? నేను ఒప్పుకోను," అని బల్ల గుద్దాడు. ఆ పేరు కొట్టేశాం. ద్రోహం అనే మాట ఆ గదిలో మొదట పలికిన నోరు నా బావది. ఇది నేను చచ్చేదాకా మరిచిపోను.

మూడో ఆదివారం నా పేరు వచ్చింది. నేను లేచి మెట్లమీదకు పోయి కూర్చున్నాను. తలుపు వేసినా కిటికీ తీసే ఉంది, మాటలన్నీ వినిపిస్తాయని అందరికీ తెలుసు. మా బావకు బాగా తెలుసు.

పోస్ట్‌మన్ నా తరఫున మాట్లాడాడు. "పదకొండేండ్లు. ఏలు ఇరిగి కట్టు కట్టుకోని గూడా నిలబడినాడు. ఆయప్పను గాక ఎవర్ని పెట్టేది?"

"అంతా సరే," అన్నాడు క్యాప్టెన్. "ఆ కృష్ణగిరి మాచ్? జనం అడిగితే ఏం చెప్పల్ల? కప్పు పోగొట్టినోడి పటం పెట్టినారా అంటే?" నా బావవైపు తిరిగినట్టున్నాడు. "నువ్వు పక్కనే ఉంటివి కదప్పా. ఏం జరిగిందో నువ్వే చెప్పు. జారిపోయే బంతేనా, పట్టుకోను వీలు గానిదా?"

నేను కిటికీవైపు చెవి ఒగ్గాను. నిజం చెప్పమని కూడా నేను కోరుకోలేదు. 'వానలో ఎవరికైనా జారేదే' అంటే చాలు. ఒక్క ముక్క. వాడి నోటికి నొప్పి లేని ఒక్క ముక్క.

నా బావ అందుకున్నాడు. "ఏం చెప్పేది? నా చెల్లెలి మొగుడు. అట్లని అబద్ధం చెప్తానా? చేతిలోకే వచ్చింది. పట్టుకోవాల్సిన బంతే. బావ అని చెప్పి ఎక్కించుకున్నారని రేపు నన్నెవరూ అనగూడదు. నా మటుకు నేను వద్దంటాను."

తల కొట్టేసినట్టయింది. చెక్కమెట్టు అంచును ఎంత గట్టిగా పట్టుకున్నానో, అరచేతిలో పేడు విరిగి దిగింది. వడ్రంగివాణ్ణి, నా చేతిలోనే పేడు. లోపలినుంచి పోస్ట్‌మన్ నిట్టూర్పు వినిపించింది. తరువాత, "రాప్పా లోపలికి," అని క్యాప్టెన్ పిలుపు. ఎవరూ నా ముఖం చూడలేదు.

ఆ తరువాత వచ్చిన పేరు నా బావదే. వాడు లేచి, నన్ను రాసుకుంటూ తలుపు దాటి, నేను లేచిన మెట్టుమీదే కూర్చున్నాడు. క్యాప్టెన్, పోస్ట్‌మన్ సరేనన్నారు. ఇద్దరూ నావైపు తిరిగారు. నేను తల అడ్డంగా ఊపితే చాలు, ఆ పేరు లేదు. చెప్పేద్దామా? చెప్తే ఎవడు నమ్ముతాడు? తన పటం పోయిందని అక్కసుతో కట్టుకథ అల్లాడంటారు. ఇంటికి పోతే పెళ్ళాం ముఖం ఎట్లా చూడాలి? ఆమెకు పుట్టిల్లంటే ఆ అన్న ఒక్కడే మిగిలాడు.

"ఏమప్పా?" అన్నాడు క్యాప్టెన్.

"సరే," అన్నాను. కిటికీ అవతల వాడు ఊపిరి వదలడం నాకు వినిపించింది.

పటాలు పెట్టే రోజు ఊరంతా ఆ మిద్దెగదిలో ఇరుక్కుంది. మేకులు కొట్టింది నేనే, పటాలు తగిలించింది నేనే. బావ పటాన్ని తగిలించి వంకర లేకుండా సరిచేసింది కూడా నేనే. అయిదో ఫ్రేము నా దుకాణంలో గోడవైపు తిప్పి పెట్టాను. నా భార్య ఆడవాళ్ళతోపాటు వెనక నిలబడి, అన్న పటం చూసి మురిసిపోతోంది.

పెద్దమనిషిగా కృష్ణగిరినుంచి డ్రిల్లు మాస్టరును పిలిపించారు. జుట్టు నెరిసి, చేతికర్ర పట్టుకుని వచ్చాడు. ఆయన కూర్చోగానే నా బావ ముందుకు పోయి, వంగి, ఆయన కాళ్ళు తాకి కళ్ళకద్దుకున్నాడు. మాస్టరు పకపకా నవ్వాడు.

"వీని బుద్ధి మారలేదప్పా!" అన్నాడు అందరికీ వినపడేలా. "ఆ కప్పు మాచ్‌లో, వానలో, వీని కాలు నా కాలికి తగిలింది. గోలు ముందర, కప్పు పోతా ఉంది, వీడు వంగి నా కాలు మొక్కినాడు! నేను బంతి తోసేసినాను, గోలు! కప్పు పోయినా సరే, గురువుకు మొక్కినాడు చూడండి. ఇట్లాంటి శిష్యుడు ఎవురికి దొరుకుతాడు?"

బయటపడింది, ఇన్నేళ్ళకు బయటపడింది అనుకున్నాను. చప్పట్లు. గది దద్దరిల్లేలా చప్పట్లు. "ఆహా, ఏం భక్తప్పా!" అని ఎవరో ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. క్యాప్టెన్ నావైపు చూశాడు. ఆయనకు అర్థమైంది, ఆ చూపులోనే తెలిసింది. నేనూ చూశాను. ఆయన చూపు తిప్పుకుని, "కాఫీలు తెండప్పా," అన్నాడు.

అంతే. గోలు ఎట్లా పోయిందో ఊరికి తెలిసింది, నేను మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మాస్టరుకు అన్నేళ్ళూ తెలుసు, ఒక్కమాట అనలేదు. నా బావ మెడలో దండ పడింది. వాడు తల వంచుకుని ఉన్నాడు, అందరూ అది వినయం అనుకున్నారు. నా చేతిలో ఎవరో కాఫీ గ్లాసు పెట్టి, "జాగర్తప్పా నెయ్యిచేతులూ, జారిపోతుంది!" అన్నారు, అలవాటుకొద్దీ.

నా భార్యా నేనూ కలిసి ఇంటికి నడిచాం. ఆమెకు ఆట తెలియదు, ఆటగాళ్ళ గొడవలు తెలియవు. అయితే ఆ గదిలో అంతమందిలో మాస్టరు చెప్పింది సరిగ్గా విన్నది ఆమె ఒక్కతే.

"అయితే నువ్వు ఇడసలేదు," అంది.

"లేదు."

"నేను అడిగినప్పుడల్లా ఇడిసినాను అంటివే. నాతో గూడా. బావి కాడ నేను కొట్లాడి వచ్చి ఏడిస్తే గూడా."

"మీ అన్నే కదా, ఎందుకు చెప్పల్ల అనుకున్నాను."

ఆమె నిలబడిపోయింది. వాడు నన్ను మోసం చేశాడని ఆమెకు చెప్పి, ఇద్దరం కలిసి వాణ్ణి తిట్టుకుంటామని, ఆ మిద్దె దిగేటప్పుడు నేను అనుకున్నాను. ఆమె ముఖంలో కోపం వాడిమీదది కాదు.

"ఒగ మాట అడుగుతాను. ఇప్పుడన్నా నిజం చెప్పు," అంది. "మా నాయన నన్ను కృష్ణగిరి వాళ్ళకు ఇస్తానన్నాడు. మా అన్న అడ్డంపడి నీకు ఇప్పించినాడు. నన్ను నీకిస్తామని మా అన్న నీతో ఎప్పుడన్నాడు? ఆ మాచ్‌కు ముందరా, అయినంకనా?"

శూలగిరి దాటాక బస్సులో నా చెయ్యి పట్టుకున్న వాడి చెయ్యి గుర్తొచ్చింది. ఆ బావా అనే పిలుపు గుర్తొచ్చింది. అంతకాలం దాన్ని స్నేహం అనుకుని దాచుకున్నాను.

"అయినంక," అన్నాను.

ఆమె కొంగు సర్దుకుని నాకంటే ముందు నడిచింది. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరగలేదు.